పదకొండు దగ్గర ఆగిన ప్రాణం

చౌడేశ్వరి నాలుగు నెలలుగా ఆట ముట్టలేదు.

అడిగినవాళ్ళకు అడిగినన్ని కారణాలు చెప్పింది. కళ్ళు మండుతున్నాయంది. ఎండాకాలం కరెంటు నిలవడం లేదంది. తను పనిచేసే ఫోటో స్టూడియోలో పెళ్ళి ఆల్బమ్‌లు కుప్పలుగా పడి ఉన్నాయంది. ఇవన్నీ నిజాలే. కానీ అసలు కారణం తిరుపతిలో జరిగింది.

మాఘమాసంలో తిరుపతిలో పోటీ పెట్టారు. కంప్యూటర్ మీద తుపాకులతో ఆడే ఆట, జట్టుకు నలుగురు. ప్రొద్దుటూరు జట్టు చివరి రౌండు దాకా వెళ్ళింది. ఆ ఆటలో బాగా దెబ్బ తిన్నవాళ్ళు వెంటనే చావరు, మోకాళ్ళ మీద కూలబడతారు. జట్టువాళ్ళలో ఎవరో ఒకరు పరుగెత్తుకొచ్చి చెయ్యి పట్టి లేపితే బతుకుతారు. ఆలస్యమైతే పోతారు.

చివరి రౌండులో జట్టులోని సుభాషిణి కూలబడింది. పది అడుగుల దూరంలో గోడ చాటున చౌడేశ్వరి ఉంది. ఆమెకూ దెబ్బ తగిలింది. ఇప్పటి ఆటల్లో చాలావాటికి ఒక సదుపాయం ఉంది. దెబ్బ తగిలినప్పుడు చాటుకు పోయి కాసేపు ఊరికే నిలబడితే చాలు, ప్రాణం దానంతట అదే నిండుతుంది. "నిండనీ, వస్తా," అంది చౌడేశ్వరి. సుభాషిణి మూడుసార్లు పిలిచింది. నాలుగోసారి పిలవలేదు.

ఓడిపోయారు. అది పెద్ద విషయం కాదు, ఆడేవాళ్ళు ఓడిపోతూనే ఉంటారు. తిరుగు బస్సులో సుభాషిణి కిటికీ పక్క సీటు చౌడేశ్వరికే ఇచ్చింది. బత్తాయి ఒలిచి సగం చేతిలో పెట్టింది. ఆట గురించి మాత్రం ఒక్క మాట అనలేదు. కడప దాటాక కూడా అనలేదు. నాలుగు తిట్లు తిట్టి ఉంటే చౌడేశ్వరి ఇంటికొచ్చి ఒకరోజు ఏడ్చి మామూలు మనిషయ్యేది. ఆ సగం బత్తాయి ఆమెను నాలుగు నెలలు ఇంట్లో కూర్చోబెట్టింది. ఆ తర్వాత సుభాషిణి ఇంటి వీధిలో కూడా ఆమె నడవలేదు. సంతకు చుట్టుదారిన పోయేది.

ఇప్పుడు కర్నూల్లో ఇంకో పోటీ వచ్చింది. శనివారంలోగా జట్టు పేర్లు పంపాలి. గురువారం మధ్యాహ్నం చౌడేశ్వరి ఉస్తాద్ దగ్గరికి బయల్దేరింది.

ఉస్తాద్ అంటే అబ్దుల్ గఫూర్. పాత బస్టాండు వెనక సందులో ఆయన షాపు. ముందు భాగంలో జిరాక్సులు, ఆన్‌లైన్ దరఖాస్తులు, హాల్‌టికెట్లు. ఆ పనుల మీద వచ్చేవాళ్ళకు ఆయన జిరాక్స్ భాయ్. గుడ్డ తెర పక్కకు తీసి లోపలికి పోతే ఐదు కంప్యూటర్లు. అక్కడ ఆడేవాళ్ళకు ఉస్తాద్. తెరకు ఇటు ఒక పేరు, అటు ఒక పేరు. ఆయన రెండిటికీ పలుకుతాడు.

చౌడేశ్వరి పద్నాలుగో ఏట ఆ తెర దాటింది. ఇప్పటికి ఎనిమిదేళ్ళు. ఈ ఎనిమిదేళ్ళలో ఆయన నీకేం నేర్పాడని ఎవరైనా అడిగితే ఆమె చెప్పలేకపోతుంది. ఆయన కూర్చోబెట్టి పాఠం చెప్పగా చూసినవాళ్ళు లేరు. అయినా ఆ గదిలోంచి బయటికి వచ్చినవాళ్ళు బాగా ఆడతారు.

ఆ గదికి ఉన్నది ఒకే ఒక్క నియమం. ఎవరైనా ఒక ఆటను మొదటిసారి ఆడుతున్నప్పుడు వెనక నిలబడి ఎవరూ ఏమీ చెప్పకూడదు. తలుపు ఎటుందో చెప్పకూడదు, మూలలో ఎవరు దాక్కున్నారో చెప్పకూడదు. ఈ నియమం పుట్టిందే చౌడేశ్వరి వల్ల. పదిహేనేళ్ళప్పుడు ఒక ఆట చివర్లో ఏమవుతుందో వెనక నుంచి ఎవడో ముందే చెప్పేస్తే, ఆమె కీబోర్డు మీద తల పెట్టి ఏడ్చింది. మర్నాడు అట్టముక్క మీద స్కెచ్ పెన్నుతో రాసి గోడకు అంటించింది: మొదటిసారి ఆడేవారికి ఎవరూ చెప్పరాదు. ఉస్తాద్ దాన్ని రెండుసార్లు చదివాడు. మూలలు ఊడిపోకుండా ఇంకో నాలుగు టేపు ముక్కలు వేశాడు. అప్పటి నుంచి ఆ గదిలో అదే చట్టం.

ఆ గురువారం ఆమె వచ్చేసరికి ఉస్తాద్ కౌంటరు దగ్గర ఎవరిదో దరఖాస్తుకు ఫోటో అంటిస్తున్నాడు.

"కర్నూలు పోటీకి పేర్లు మీరే కదా ఉస్తాద్ ఎక్కిచ్చేది?"

"ఊ."

"నా పేరు ఆపండి. ఇంకో నెల పోతే నాకు బాగైపోతాది. మనసు కొంచెం నిలబడినాక సుభాషిణితో మాట్లాడతా. ఆ తర్వాత పోటీకి వస్తా."

"నెల చాలునా పాపా?"

"చాలు. ముందు మాదిరి లేదిప్పుడు. తగ్గతాంది."

"నాలుగు నెలల్లో ఎంత తగ్గిండాది?"

చౌడేశ్వరి కౌంటరు మీది గమ్ము సీసాకు మూత బిగించింది. నిజానికి ఏమీ తగ్గలేదు. ఉస్తాద్ ఫోటోను బొటనవేలితో ఒత్తి, దరఖాస్తు పక్కన పెట్టాడు.

"శనివారం దాకా టైముండాది," అన్నాడు. "లోపల కొత్తదొకటి ఎక్కిచ్చినా. కొత్తదంటే పాతదేలే. ఎట్లా వచ్చినావు కదా, ఆడి పో."

ముప్పై ఏళ్ళ కిందట, బెంగళూరులో కంప్యూటర్ నేర్చుకునే రోజుల్లో ఉస్తాద్ ఆడిన ఆట అది. దాన్ని చేసినవాళ్ళు బొమ్మలకు మెరుగు పెట్టి ఇప్పుడు మళ్ళీ వదిలారు. ఇంగ్లీషు పేరు ఒకటుంది కానీ ఒక్కొక్కరు ఒక్కోలా పలుకుతారు. ఆ బాధ లేకుండా గదిలో అందరూ గుహ ఆట అనేవాళ్ళు. ఆడినవాళ్ళు తక్కువే. తాము పుట్టకముందటి ఆటంటే పిల్లలకు చిన్నచూపు. చౌడేశ్వరికీ అంతే. ఎంత కష్టంగా ఉండాలని ఆట అడిగితే, నాలుగింటిలో అన్నిటికన్నా కష్టమైనది నొక్కింది.

మొదట నవ్వొచ్చింది. కంప్యూటర్ తెర కింది భాగంలో తుపాకీ పట్టుకున్న ఒక చెయ్యి. మూలలో ప్రాణం ఎంతుందో చూపించే అంకె, నూరు. అంతే. ఎటు పోవాలో చూపించే బాణం లేదు, ఏం చెయ్యాలో చెప్పే గొంతు లేదు. ఒక మీట నొక్కితే ముప్పై ఏళ్ళ కిందటి బొమ్మ వస్తుంది, మళ్ళీ నొక్కితే ఇప్పటి బొమ్మ. పాత బొమ్మలో రాక్షసులు గళ్ళ దుప్పటి కప్పుకుని నిద్రలేచి వచ్చినవాళ్ళలా ఉన్నారు. ఆమె ఆ మీటను పదిసార్లు నొక్కి పదిసార్లూ నవ్వింది.

పాకుదామని చూసింది. పాకడం లేదు. తుపాకీని కంటి దగ్గరికి తెచ్చి గురి చూద్దామనుకుంది. అదీ లేదు. పరుగు మాత్రం ఉంది. ఆ గుహలో తిరిగే మనిషికి ఆయాసమన్నదే లేదు. మలుపులు తిరిగింది, తలుపులు తోసింది, ఎరుపు తాళంచెవి దొరికితే ఎర్ర తలుపు వెతుక్కుంది. దారి తప్పి తిరిగిన చోటే తిరిగింది, అదీ బాగానే ఉంది. నాలుగు నెలల తర్వాత వేళ్ళకు పని దొరికింది. రెండో అంతస్తు దాటేసరికి కింది పెదవి పంటి కింద పెట్టుకుని ఆడుతోంది. ఆట బాగా కుదిరినప్పుడు ఆమెకు అది అలవాటు. ఉస్తాద్ గుడ్డ తెర సందులోంచి అది చూసి తన పనికి తను పోయాడు. ఆయనకు సంతోషమైంది.

"తాతల కాలం ఆట ఉస్తాద్," అంది లోపలి నుంచి. "సాయంత్రానికి అయిపోతాది."

మూడో అంతస్తులో పెద్ద హాలు వచ్చింది. రెండు వరసల స్తంభాలు, మధ్యలో ఖాళీ. ఆమె అదే పరుగుతో మధ్యలోకి దూసుకుపోయింది. అన్ని స్తంభాల వెనక నుంచీ ఒకేసారి కాల్చారు. మూలలో అంకె ఎనభై అయింది, యాభై అయింది, ఇరవై ఆరు, పదకొండు. వెనక్కి తిరిగి, వచ్చిన దారినే పరుగెత్తి, సన్నటి సందులో గోడ చాటుకు చేరింది.

అక్కడ మౌసు మీంచి చెయ్యి తీసింది. వేళ్ళు విరుచుకుంది. జుట్టు ముడి విప్పి మళ్ళీ వేసుకుంది. ఎనిమిదేళ్ళుగా ఏ ఆటలో దెబ్బ తగిలినా చేస్తున్నదే. చాటుకు పోవడం, నిండేదాకా ఆగడం, లేవడం.

అంకె పదకొండు దగ్గరే ఉంది.

కష్టమైన ఆట ఎంచుకున్నాను కదా, మెల్లగా నిండుతుందేమో అనుకుంది. చేతులు కట్టుకుని కూర్చుంది.

కాసేపటికి ఉస్తాద్ తెర తీసి తొంగి చూశాడు. కంప్యూటర్‌లో గోడ, మూలలో పదకొండు, ముందర కదలకుండా కూర్చున్న పిల్ల. ఆయనకు విషయం అర్థమైంది. చెప్పబోయాడు. గోడ మీది అట్టముక్క కనిపించింది. నోరు మూసుకుని బయటికి పోయాడు. ఒక ప్లాస్టిక్ కుర్చీ ఎత్తుకొచ్చి, ఆమె పక్కన వేసుకుని కూర్చున్నాడు. తనూ చేతులు కట్టుకుని తెరకేసి చూడసాగాడు.

"ఏం ఉస్తాద్?"

"ఏం లేదు. చూస్తాండా."

ఇద్దరూ చూశారు. అంకె మారలేదు. ఎదురు కొట్టు నుంచి రెండు టీలు వచ్చాయి. ఆమె టీ మీద మీగడ కట్టింది.

"జిరాక్స్ భాయ్," అని బయట ఎవరో పిలిచారు. ఆయన కదల్లేదు. రేషన్ కార్డు పట్టుకున్న ఒకామె తెర తీసి తల లోపలికి పెట్టింది.

"కొంచెం పనిలో ఉండానక్కా," అన్నాడు ఉస్తాద్.

"ఏం పని?"

"ఎదురుచూసే పని."

ఆమె కంప్యూటర్‌ను చూసింది. దాని ముందర వరసగా కూర్చున్న ఇద్దరినీ చూసింది. ఏమనుకుందో ఏమో, కార్డు కౌంటరు మీద పెట్టి, సంతకు పోయొస్తానని చెప్పి వెళ్ళిపోయింది.

చౌడేశ్వరికి విసుగొచ్చింది.

"ఇది చెడిపోయిండాది ఉస్తాద్. ప్రాణం నిండడం లేదు."

ఉస్తాద్ గడ్డంతో అట్టముక్క వైపు చూపించాడు.

"అది వెనక నిలబడి చెప్పేవాళ్ళకు. మీరు పక్కన కూచోనుండారు."

ఉస్తాద్ కుర్చీని అర అడుగు వెనక్కి జరుపుకున్నాడు. ఆమెకు కోపంలోనూ నవ్వొచ్చింది. మళ్ళీ తెరకేసి తిరిగింది. ఫ్యాను తిరుగుతోంది. బయట ఫోన్ రెండుసార్లు మోగి ఆగిపోయింది.

"ఎంతసేపైంది ఉస్తాద్?"

"నలభై నిమిషాలు."

"మీకేం పనుల్లేవా?"

"శానా ఉండాయి. నువ్వు లేస్తే పోయి చేసుకుంటా."

ఆ మాటకు ఆమె ఆయన వైపు తిరిగింది. ఆయన మొహంలో వెటకారం లేదు. నిజంగానే ఆమెతోపాటు ఎదురుచూస్తున్నాడు. ఇంకో నలభై నిమిషాలైనా కూర్చునేటట్టు ఉన్నాడు.

"దీంట్లో కూచుంటే నిండదు," అంది చౌడేశ్వరి మెల్లగా. ఆయన్ను అడగలేదు. తనలో తను అనుకుంది.

ఉస్తాద్ టీ చివరి గుక్క తాగాడు.

ఆమె కళ్ళు మూసుకుని ఆ హాలును తలుచుకుంది. తిరిగి పారిపోయి వస్తున్నప్పుడు ఎడమ పక్క రెండో స్తంభం మొదట్లో తెల్లటి పెట్టె ఒకటి కనిపించింది. మూత మీద ఎర్ర గుర్తు. ఊరికే అందానికి పెట్టిందనుకుని దాటి వచ్చేసింది. అంకె నూరు ఉన్నప్పుడు అలాంటివి ఎన్ని దాటుకుంటూ వచ్చిందో.

"మందు హాల్లో ఉండాది," అంది కళ్ళు తెరిచి.

ఉస్తాద్ ఖాళీ గ్లాసు కింద పెట్టాడు.

"నన్ను కొట్టినోళ్ళు అంతా ఆడనే ఉండారు. పదకొండుతో పోతే చస్తా."

"ఊ."

"చస్తే అంతస్తు మళ్ళా మొదట్నుంచి."

"ఊ," అన్నాడు మళ్ళీ.

చౌడేశ్వరి మౌసు పట్టుకుంది. అరచెయ్యి చెమట పట్టి ఉంటే చున్నీకి తుడుచుకుని మళ్ళీ పట్టుకుంది. ఈసారి పరుగెత్తలేదు. గోడ వెంబడి నడిచింది. మొదటి స్తంభం చాటున ఆగి, అవతల కాలి చప్పుళ్ళు విని, ఒకణ్ణి కొట్టి, ఇంకొకణ్ణి వదిలేసి రెండో స్తంభానికి దాటింది. దాటేటప్పుడు ఒక దెబ్బ తగిలింది. పదకొండు ఏడు అయింది. చెయ్యి చాపినంత దూరంలో పెట్టె ఉంది. ఒక్క అడుగు వేసింది. టింగుమని చిన్న చప్పుడు. ఏడు ముప్పై రెండయింది.

"ముప్పై రెండే," అంది. పెట్టె దొరికితే నూరవుతుందని అనుకుంది పాపం.

ఉస్తాద్ లేచాడు. కుర్చీ ఎత్తుకున్నాడు.

"ఆ అక్కయ్య రేషన్ కార్డు జిరాక్సు తీయాల," అని తెర తీసుకుని పోయాడు.

ఆయన వెళ్ళాక కూడా ఆమె ఆడింది. ముప్పై రెండుతోనే ఒక్కో స్తంభం దాటుకుంటూ హాలు చివరికి చేరింది. ఎర్ర తలుపు తెరుచుకుంది. అవతలి గదిలో నేల మీద ఇంకో తెల్ల పెట్టె కనిపించింది. దాని దగ్గరికి పోలేదు. ఆట ఆపేసి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. తర్వాత లేచి, చల్లారిపోయిన టీని ఒక్క గుక్కలో తాగి బయటికి వచ్చింది.

"అయిపోయిందా?" అన్నాడు ఉస్తాద్, యంత్రం మూత ఎత్తి కార్డు బోర్లా పెడుతూ.

"లేదు. సుభాషిణి ఇంటికి పోయొస్తా."

"ఎండగా ఉండాది. నీళ్ళు తాగి పో."

తాగింది. పోయింది. చుట్టుదారిన కాదు, తిన్నగానే పోయింది.

సుభాషిణి ఇల్లు మూడు వీధుల అవతల. ఆమె బ్లౌజుల మీద మగ్గం వర్కు చేస్తుంది. ముందు గదిలో నేల మీద చాప, చాప ముందర చట్రానికి బిగించిన ఆకుపచ్చ పట్టుగుడ్డ, గిన్నెల్లో పూసలు. గుమ్మంలో నీడ పడితే తలెత్తి చూసింది.

"ఏమే, ఈ ఎండలో?"

దారి పొడుగునా కూడబలుక్కున్న మాటలు చౌడేశ్వరికి ఒక్కటీ గుర్తు రాలేదు. చెప్పులు కూడా విడవకుండా నిలబడింది.

"తిరుపతిలో నువ్వు పిలిచినావు," అంది. "నాకు వినపడింది. నేను రాలేదు."

సుభాషిణి చేతిలో సూది ఆగింది.

"మూడుసార్లు పిలిచినా."

"మూడుసార్లూ వినపడింది."

లోపల ఎక్కడో కుక్కర్ కూత వేసింది. సుభాషిణి గొంతు తగ్గించింది.

"ఆట గురించి కోపం ఉగాదికే పోయింది. ఆ తర్వాత నువ్వు ఇంటికి రాలేదని వచ్చిన కోపమే, అది పోలేదు. నాలుగు నెలలు ఏం చేస్తాంటివి?"

"బాగైనాక వద్దామని కూచోనుంటి."

"అయినావా?"

"లేదు."

సుభాషిణి ఆమెను అలాగే చూసింది. ఇద్దరికీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇద్దరూ ఆ సంగతి ఎత్తలేదు. సుభాషిణి చట్రాన్ని గోడ వైపు జరిపి చాప మీద చోటు చేసింది. చౌడేశ్వరి చెప్పులు విడిచి, వచ్చి కూర్చుంది. నాలుగు నెలల్లో మొదటిసారి ఆమెకు ఊపిరి లోపలి దాకా అందింది.

"మళ్ళా ఉస్తాద్ దగ్గరికి పోవాల," అంది కాసేపటికి. "కర్నూలుకు నా పేరు ఆపమని చెప్పినా. ఎక్కిచ్చమని చెప్పొస్తా."

"ఎక్కిచ్చేదేంది? నాలుగు పేర్లూ నేను సోమవారమే ఇచ్చినా. నా ముందరే ఎక్కిచ్చినాడు ఆయన."

తను ఆపమని అడిగేనాటికే పేరు ఎక్కి ఉందన్నమాట, అనుకుంది చౌడేశ్వరి. కుర్చీ అర అడుగు వెనక్కి జరుపుకుని చేతులు కట్టుకున్న మనిషిని తలుచుకుంది. తర్వాత చాప మీదున్న రెండో సూది తీసుకుని దారం ఎక్కించింది.